మేం దూకాం

తూకం మిషన్ మీద నిలబడ్డ మాస్టారు ముందు బూట్లు విప్పాడు. అంకె ఏదో మొహమాటానికి తగ్గినట్టు కొంచెం తగ్గింది. తర్వాత బెల్టు తీశాడు. జేబుల్లోంచి తాళాలగుత్తి, ఫోను, పర్సు ఒక్కొక్కటే తీసి వెనక నిలబడ్డ భార్య చేతుల్లో పెట్టాడు. ఆఖరికి కళ్ళజోడు కూడా ఇచ్చేశాడు. జారిపోతున్న ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి మళ్ళీ ఎక్కాడు. ఊపిరి బిగబడితే మనిషి తేలికవుతాడని ఆయనకు ఎవరు చెప్పారో!

"కుదరదు సార్," అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి.

"కాస్తే కదమ్మా ఎక్కువ! పొద్దున తిన్న టిఫిన్ బరువది."

"మీ ఒక్కరి బరువే అయితే ఫరవాలేదు సార్. మీ వీపుకు కట్టుకుని దూకే కోచ్ బరువు కూడా కలిపి ప్యారాచూట్ మొయ్యాలి. మా వెబ్‌సైట్‌లో రాశాం కదా."

"రాస్తారమ్మా. రాసినవన్నీ పట్టించుకుంటామా? ఇంత దూరం నుంచి వచ్చాం."

వరసలో నిలబడ్డ కుర్రకారులో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారి భార్య చప్పున తల తిప్పి, గోడ మీది పోస్టరును అక్షరం అక్షరం చదవడం మొదలుపెట్టింది. ఎదుటి మనిషికి సిగ్గుగా ఉన్నప్పుడు మనం ఎటు చూడాలో ఆమెకు బాగా తెలుసు. రక్త పరీక్షలు చేసే ల్యాబులో ఆమెది చాలా ఏళ్ళ ఉద్యోగం. పొద్దున్నే పరగడుపున వచ్చే వాళ్ళ చేతుల్లో నరం వెతికి సూది గుచ్చడం ఆమె పని. వీధిలో పిల్లలు సూదమ్మ అని పేరు పెడితే అదే స్థిరపడిపోయింది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆమే ఒక్క క్షణం ఆగి పలుకుతుంది.

మాస్టారిది డ్రైవింగ్ స్కూలు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, సగం ఊరికి కారు నేర్పాడు. చిన్నప్పటి నుంచీ ఆయనకు ఒకటే పిచ్చి, ఆకాశం. విమానం చప్పుడు వినిపిస్తే చాలు, ఇప్పటికీ కారు పక్కకు తీయించి, కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తాడు. నేర్చుకునే పిల్ల "మాస్టారూ, వెనక లారీ!" అని గోల పెడుతున్నా సరే. ఇన్నాళ్ళకు సెలవు పెట్టి, బస్సులూ రైళ్ళూ మారి, విమానంలోంచి దూకించే ఈ చోటికి బయల్దేరాడు. బయల్దేరేముందు బావమరిదికి చెప్పాడు. సొంత అక్కకు చెప్పాడు. టీకొట్టువాడికీ, టైర్లకు పంక్చర్లు వేసేవాడికీ, నేర్చుకుంటున్న బ్యాచ్ మొత్తానికీ చెప్పాడు. టముకు వేయించడం ఒక్కటే తక్కువ. సూదమ్మ వచ్చింది సంచీ పట్టుకోవడానికీ, కిందనుంచి ఫోటో తీయడానికీ.

మాస్టారు మిషన్ దిగాడు. బెల్టు పెట్టుకోలేదు. గోడ వారగా ఉన్న బెంచీ మీద కూర్చుని, కాసేపు తన బూట్లకేసే చూశాడు.

"ఇదిగో," అన్నాడు తల ఎత్తకుండానే, "నువ్వు దూకు."

"నేనా?"

"మరి? వెళ్ళి ఏం చెప్పుకోను? ఒళ్ళు బరువై పంపించేశారని చెప్పుకోనా? మనిద్దరిలో ఎవరో ఒకరం దూకితే దూకినట్టే కదా."

"ఏమండీ, నాకు మేడమెట్లు దిగుతుంటేనే కళ్ళు తిరుగుతాయి."

ఆయన తల ఎత్తాడు. కళ్ళజోడు లేని ఆ ముఖం ఆమెకు కొత్తగా కనిపించింది. పరీక్ష తప్పిన పిల్లాడు ఇంటికెళ్ళే దారిలో ఆగిపోయినట్టున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కేకలు విన్నది, గొప్పలు విన్నది, గురక విన్నది. ఇలా నోరు పెగలకుండా కూర్చోవడం మాత్రం చూడలేదు.

"సరేలెండి," అంది. అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలిసిరాలేదు.

అంతే, మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్నాడు, బెల్టు బిగించాడు. "భయపడకు. కిందికి చూడకు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెయ్యి. నీ సొంత తెలివి వాడకు," అంటూ పాఠం మొదలుపెట్టాడు.

సూదమ్మను మిషన్ ఎక్కించారు. ఆమె బరువు గురించి ఎవరికీ ఏ అభ్యంతరమూ లేకపోయింది.

కోచ్ ఒక సన్నపాటి అమ్మాయి. మగపిల్లాడిలా కత్తిరించిన జుట్టు, ఎండకు తోలు లేచిన ముక్కు. సూదమ్మకు బట్టల మీదే ఒక డ్రస్సు తొడిగించి, తొడలకూ భుజాలకూ పట్టీలు బిగిస్తూ, "ఆంటీ, మోకాళ్ళ నొప్పులున్నాయా?" అని అడిగింది.

"ఈ వయసులో ఎవరికి లేవమ్మా?"

"దూకగానే ఒళ్ళు విల్లులా వెనక్కి వంచాలి. దిగేటప్పుడు కాళ్ళు ముందుకు ఎత్తిపట్టాలి. మీరు చెయ్యాల్సింది ఆ రెండే. మిగతాది నా పని."

మిగతాది నా పని! ఆ మాట సూదమ్మకు మహా బాగా నచ్చింది. తనతో ఆ మాటన్న వాళ్ళెవరూ చప్పున గుర్తుకు రాలేదు.

విమానంలో సీట్లు లేవు. పడవలో కూర్చున్నట్టు నేల మీదే ఒకరి ముందు ఒకరు కూర్చున్నారు. ముందు వరసలో ఒక కుర్రాడూ వాడి కోచూ, వెనక సూదమ్మా ఈ అమ్మాయీ. విమానం పైకి లేచాక కోచ్ ఆమెను దగ్గరకు లాక్కుని, కొక్కేలు తగిలించి, పట్టీలన్నీ ఇంకా బిగించింది. ఇద్దరూ ఒక్క మనిషిలా అయిపోయారు. సూదమ్మ గుండె ఉడుకుతున్న గిన్నె మీద మూతలా కొట్టుకుంటోంది. ఆమె వీపుకు మాత్రం ఆ పిల్ల గుండె తెలుస్తోంది. అది నింపాదిగా, సాయంత్రం షికారుకు వెళ్తున్నట్టు కొట్టుకుంటోంది. అలా ఎవరైనా ఆమెకు ఆనుకుని కూర్చుని ఎన్నాళ్ళయిందో! కూతురు చిన్నప్పుడు జ్వరం వస్తే వీపు మీద వాలి పడుకునేది. ఆ తర్వాత లెక్కలోకి ఎవరూ రాలేదు.

"ఇంట్లో ఎవరెవరుంటారు ఆంటీ?" అంది కోచ్ చెవి దగ్గర.

"నేనూ మా ఆయనా. అమ్మాయికి వేరే ఊళ్ళో ఉద్యోగం."

"మీరేం చేస్తుంటారు?"

"సూది గుచ్చి రక్తం తీస్తాను."

"అమ్మో! నాకు సూదంటే చచ్చేంత భయం ఆంటీ."

సూదమ్మ నవ్వింది. ఎందుకంటే ల్యాబులో తనూ రోజూ ఇదే మాట చెబుతుంది. ముఖం పాలిపోయిన వాళ్ళతో, "నాకూ సూదంటే భయమేనండీ, ఏం చేస్తాం," అంటుంది. అది అబద్ధం. రబ్బరు పట్టీ కడుతూ, పిల్లలేం చదువుతున్నారు, ఇల్లు ఎక్కడ, ఏ బస్సులో వచ్చారు అని అడుగుతుంది. వాళ్ళు జవాబు పూర్తి చేసేలోపు సూది దిగిపోతుంది. అందుకే ఆ పిల్ల, "ఇంటి గోడలకు ఏ రంగు వేయించారు ఆంటీ?" అని అడగగానే ఆమెకు అర్థమైపోయింది. ఇక తలుపు తీస్తారు.

"నీలం..." అంటుండగానే తీశారు.

గాలి లోపలికి కొట్టింది. ముందున్న కుర్రాడు ఒక్క అరుపు అరిచి మాయమైపోయాడు. ఇప్పటిదాకా ఉన్న మనిషి, అంతలోనే లేడు. కోచ్ ఆమెను జరుపుకుంటూ అంచుకు తీసుకెళ్ళి, ఇద్దరి కాళ్ళూ బయటికి వేలాడేసింది. కింద పొలాలు, దారంలా ఒక రోడ్డు. వాటికీ తన పాదాలకూ మధ్య ఏమీ లేదు. సూదమ్మ కళ్ళు మూసుకోవాలనుకుంది, రెప్పలు మాట వినలేదు. తల పట్టుకుని ఎవరో వెనక్కి వంచారు. ఆ తర్వాత విమానం తన పైన ఉంది.

పడిపోతున్నట్టు లేదు. కిందనుంచి గాలే ఎగదన్ని తనను పైకి విసురుతున్నట్టుంది. బుగ్గలు చెవుల దాకా కొట్టుకుపోయాయి. నోరు ఎండి నాలుక అంగిలికి అతుక్కుంది. అరిచింది కాబోలు, ఆ అరుపు ఆమెకే వినపడలేదు. ఏదో దేవుణ్ణి తలుచుకోవాలి, మొగుణ్ణి తలుచుకోవాలి, కూతుర్ని తలుచుకోవాలి. ఎవరూ తోచలేదు. తన పేరు కూడా తోచలేదు.

అప్పుడు ఎవరో చంకల కింద చేతులేసి ఎత్తినట్టు ఒక్క గుంజు గుంజింది. పైన ప్యారాచూట్ విచ్చుకుంది.

ఇక చప్పుడు లేదు. గాలి హోరు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. ల్యాబులో రోజంతా మిషన్లు గుయ్యిమంటూనే ఉంటాయి. ఇంట్లో మాస్టారి ఫోను, ఇంటి ముందు మాస్టారి శిష్యుల హారన్లు. చప్పుడే లేని చోటొకటి ఉంటుందని ఆమె అనుకోలేదు. అదీ మనుషులు తిరిగే నేలకు నిటారుగా పైన. వెనకున్న పిల్ల కూడా ఏమీ మాట్లాడలేదు. ఆ కాసేపూ మాట్లాడకూడదని ఆ పిల్లకూ తెలుసేమో.

తర్వాత కోచ్ రెండు పిడులు ఆమె చేతుల్లో పెట్టింది. "ఇవి పట్టుకోండి. కుడిది లాగితే కుడికి తిరుగుతాం, ఎడమది లాగితే ఎడమకి."

"నేనా? తప్పు లాగితే?"

"గుద్దుకోవడానికి ఏముంది ఆంటీ ఇక్కడ? లాగండి."

సూదమ్మ కుడిది లాగింది. కింద భూమి మొత్తం, పొలాలూ రోడ్డూ రేకుల షెడ్డుతో సహా, పళ్ళెంలా గిర్రున తిరిగింది. ఎడమది లాగింది. అటు తిరిగింది.

పెళ్ళైన కొత్తలో మాస్టారు ఆమెకూ కారు నేర్పబోయాడు. వారం తిరక్కుండా ఒక మలుపు దగ్గర బ్రేకు తొక్కి, నలుగురూ చూస్తుండగా కేకలేసి, నీ వల్ల కాదులే అన్నాడు. ఆమె దిగి ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరూ మళ్ళీ ఆ మాటెత్తలేదు, ఆమె కూడా. ఇప్పుడు ఆమె తిప్పిన వైపుకు తిరుగుతుంటే వెనకున్న పిల్ల కేక వెయ్యలేదు, ఆపలేదు. మళ్ళీ కుడికి తిప్పింది. ఇంకొంచెం తిప్పింది. ఎవరో పకపకా నవ్వుతున్నారు. ఈ పిల్లేమో అనుకుంది. కాదు, తనే.

మైదానం దగ్గర పడుతుంటే మాస్టారు గుర్తొచ్చాడు. కింద నువ్వుగింజల్లా మనుషులు. షెడ్డు పక్కన ఒక గింజ కదులుతోంది. ఆయనే అనుకుంది. చెయ్యి ఊపుదామంటే చేతుల్లో పిడులున్నాయి. అందుకని రెండు కాళ్ళూ ఆడించింది. ఎంతసేపు ఆడించిందో.

కూర్చున్నట్టే జారుతూ గడ్డి మీద దిగారు. కోచ్ టకటకా కొక్కేలు విప్పేసింది. "ఇరగదీశారు ఆంటీ!" అని ఆమె అరచేతిని చరిచి, నేల మీద పరుచుకున్న గుడ్డంతా చంకలో కుక్కుకుని, షెడ్డు వైపు వెళ్ళిపోయింది. చెమట పట్టిన వీపుకు గాలి తగిలి సూదమ్మకు ఒక్కసారిగా చలేసింది.

షెడ్డు పక్కనున్న గింజ మాస్టారు కాదు. అక్కడ గుడ్డలు మడతపెట్టే పనివాడు. మాస్టారు మైదానం ఆ చివర, ఫోను ఎత్తిపట్టుకుని, పరుగులాంటి నడకతో, ఎర్ర ప్యారాచూట్‌తో దిగిన మనిషి చుట్టూ తిరుగుతున్నాడు. "శభాష్! శభాష్!" అన్న కేకలు ఇక్కడికి వినిపిస్తున్నాయి. ఆ మనిషి హెల్మెట్ తీశాడు. ఆమెకంటే ముందు దూకిన కుర్రాడు. మాస్టారు ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి నాలుగు దిక్కులూ చూశాడు.

ఆయాసపడుతూ ఆమె దగ్గరకొచ్చి, "ఇటు దిగావా? ఎర్రది నీదనుకున్నా. పైనుంచి కిందదాకా దాన్నే తీశాను," అన్నాడు. "చేతులు పీకేలా ఊపాను. చూశావా?"

"లేదండీ. నేనూ ఎవరికో కాళ్ళు ఊపాను."

"పోన్లే, ప్యారాచూట్ తెరుచుకునేదాకా కోచ్ చేతికున్న కెమెరాలో తీస్తారుగా, ఆ వీడియో ఉంటుంది."

వీడియో ఇవ్వడానికి కాసేపు పడుతుందన్నారు. సూదమ్మ ఒకచోట కూర్చోలేకపోయింది. పైన అంత నిశ్శబ్దం ఉంది కదా, అది రోజూ అలాగే ఉంటుందా? నీకూ అలాగే అనిపిస్తుందా? ఇది అడగాలంటే లోకంలో ఒక్క మనిషే ఉంది. షెడ్డులోకి వెళ్ళింది.

ఆ పిల్ల ఒక బట్టతల పెద్దాయన భుజాలకు పట్టీలు బిగిస్తోంది. "అంకుల్, మోకాళ్ళ నొప్పులున్నాయా? ఏం ఫరవాలేదు. ఒళ్ళు విల్లులా వంచాలి, కాళ్ళు ఎత్తిపట్టాలి. మిగతాది నా పని." అదే గొంతు, అదే నవ్వు, అంతే ప్రేమ. తల తిప్పి, "ఏమైనా మర్చిపోయారా ఆంటీ?" అంది.

"లేదమ్మా. వెళ్ళొస్తానని చెబుదామని."

"హ్యాపీ జర్నీ ఆంటీ!"

సూదమ్మకు కోపం రాలేదు. ఆమధ్య కూరగాయల మార్కెట్లో ఎవరో ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుని, "ఆ రోజు మీరు నాతో ఎంత బాగా మాట్లాడారండీ, జన్మలో మర్చిపోను," అంది. ఎవరో ఎంతకీ గుర్తురాక, నవ్వి, జాగ్రత్తండీ అని వచ్చేసింది. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోయినట్టు ఇప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం లాడ్జి గదిలో మాస్టారు ఫోన్లు మొదలుపెట్టాడు. ఆ గది కిటికీకి ఎదురుగా దుప్పట్లు ఆరేసిన మేడ. సూదమ్మ మంచం మీద కూర్చుని, మర్నాటి ప్రయాణానికి బట్టలు మడతపెడుతోంది.

"అక్కా! దూకాం! ఆఁ, మేం దూకాం... ఏం గాలి, ఏం గాలి! మనిషి నిలబడతాడా అసలు?... భయమా? భయమేంటక్కా!"

బావమరిదికి చెప్పేసరికి విమానం ఇంకాస్త పైకెళ్ళింది. చుట్టాల గ్రూపులో వీడియో పెడితే పడీపడీ నవ్వే బొమ్మలు వచ్చాయి. 'వదిన బుగ్గలు చూడండర్రా' అని ఒకరు, 'అత్తయ్యా, పళ్ళన్నీ ఉన్నాయా' అని ఒకరు. ఆమె ఫోను మోగింది ఒక్కసారే, కూతురు.

"అమ్మా, చూశా! ఆఫీసులో అందరికీ చూపించా. నువ్వు కేకమ్మా! నాన్న మాత్రలేసుకున్నారా?"

"వేసుకున్నారు. ఒసేయ్, అది కాదే, పైన ప్యారాచూట్ తెరుచుకున్నాక..."

"అమ్మా, ఒక్క నిమిషం... ఇక్కడ పిలుస్తున్నారు. మళ్ళీ చేస్తా, సరేనా?"

సూదమ్మ పేస్టు అయిపోయిందని చెప్పి బయటికొచ్చింది. పేస్టు నిజంగానే అయిపోవచ్చింది. వీధి చివర కొట్లో ఒకావిడ స్టూలు మీద కూర్చుని టీవీ చూస్తోంది. పేస్టు చేతికిస్తుంటే, సూదమ్మ నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "ఇవాళ నేను విమానంలోంచి దూకానండీ."

"అలాగా," అంది కొట్టావిడ. "ఈ ఊరికి అందరూ దానికే వస్తారు. బ్రష్షు కూడా ఇమ్మంటారా?"

"వద్దండీ."

గదికి తిరిగొచ్చేసరికి మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. వెలుతురు తగ్గుతోంది, లైటు వెయ్యలేదు. ఫోను పక్కన పెట్టేసి ఉంది.

"అందరికీ చెప్పడం అయిందా?"

"ఆఁ." కాసేపు దుప్పట్లకేసి చూసి అన్నాడు. "తలుపు దగ్గర కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చోబెడతారటగా. అప్పుడు... ఎలా ఉంటుంది?"

దూకిన దాని గురించి ఆమెను ఎవరైనా అడిగిన మొదటి మాట అది. గొప్పలు చెప్పే గొంతు కాదు. సూదమ్మ వెళ్ళి ఆయన ఎదురుగా మంచం అంచున కూర్చుంది. దారంలాంటి రోడ్డు గురించి చెప్పింది. తల వెనక్కి వంచడం, విమానం పైకి వెళ్ళిపోవడం చెప్పింది. పడుతున్నట్టు ఉండదనీ, గాలి ఎగదన్నుతుందనీ చెప్పింది. ఆయన కళ్ళార్పకుండా వింటున్నాడు. వింటూ వింటూ కుడిపాదంతో నేలను బ్రేకులా గట్టిగా తొక్కిపట్టాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"తర్వాత?"

"ప్యారాచూట్ తెరుచుకుంది. ఒక్క గుంజు గుంజింది."

"తర్వాత?"

సూదమ్మ నోరు తెరిచింది. ఆ నిశ్శబ్దం, ఆ రెండు పిడులు, భూమి తిరగడం, తన నవ్వు. చెప్పాలనే ఉంది. కానీ చెబితే అవి రేపు ఈయన నోట్లో ఉంటాయి. ఎల్లుండికి ఊళ్ళో అందరి నోళ్ళలో తిరిగి, ఎవరో ఒకరు ఎదురొచ్చి తనకే చెబుతారు. అప్పుడిక తన దగ్గర ఏముంటుంది?

"తర్వాత దిగిపోయాం."

"అంతేనా?"

"అంతేనండీ."

మాస్టారు ఏదో అందినట్టూ, ఏదో తప్పిపోయినట్టూ తలూపాడు. తర్వాత లేచి లైటు వేశాడు.

మర్నాడు బస్సులో పక్క వరసలో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. ఎక్కడినుంచి వస్తున్నారని ఆయన మాట కలపడమే ఆలస్యం, మాస్టారు అందుకున్నాడు. "తలుపు దగ్గర కాళ్ళు బయటికి వేలాడేస్తారండీ. కింద చూస్తే రోడ్డు దారంలా ఉంటుంది. అందరూ పడిపోతాం అనుకుంటారు గానీ, పడుతున్నట్టే ఉండదు. గాలి ఎగదన్నుతుంది!" ఒక్క అక్షరం పొల్లు పోలేదు. సూదమ్మ నిన్న చెప్పినదంతా వరసగా ఉంది. మధ్యమధ్య ఆమెకేసి చూస్తున్నాడు, ఆమె తలూపుతోంది. ప్యారాచూట్ తెరుచుకునే దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగి, "ఇక దిగిపోవడమే," అని ముగించాడు.

పెద్దమనిషి నోరు తెరుచుకుని విన్నాడు. ఆమె వైపు ముందుకు వంగి, "మరి మీకు భయం వెయ్యలేదా అమ్మా?" అని అడిగాడు.

"తనకేం భయమండీ?" అన్నాడు మాస్టారు. "కింద నేనున్నాగా!"

సూదమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. తన మాట అంత బాగా పేలిందనుకుని, మాస్టారు కూడా భుజాలెగరేస్తూ నవ్వాడు.